మంచిచేతికి సంచి

గట్టు మలుపులో మోటారుసైకిలు చప్పుడు వినపడగానే సలోమి ఒంటిమీది మగచొక్కా విప్పి తవుడు బస్తాల వెనక్కి విసిరేసింది. తలకి చుట్టిన తువాలు లాగేసి, జుట్టు ముడేసుకుంటూ పాక ముందుకొచ్చి నిలబడింది. రేవులో పడవ ఇంకా ఊగుతూనే ఉంది. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళదాకా తడిసి కాళ్ళకి చుట్టుకుపోయాయి. పిండుకునే తీరిక లేదు.

కనకరాజు గారు బండి దిగలేదు. ఒక కాలు నేలకి ఆనించి చెరువుకేసి చూశారు. నీళ్ళ నడుమ పాతిన వెదురు కర్రల వరసకి మేతబస్తాలు వేలాడుతున్నాయి. అడుగున చిల్లులు పొడిచిన బస్తాలవి. శీలావతి, బొచ్చె చేపలు కిందినుంచి వచ్చి ఆ చిల్లుల దగ్గర తవుడూ గానుగచెక్కా పొడుచుకు తింటుంటే కర్రలు సన్నగా వణుకుతున్నాయి.

"బస్తాలెవరు కట్టారు?"

"మా ఆయనేనండి. తెల్లారగట్లే కట్టేసి వచ్చి నడుం వాల్చాడండి."

కనకరాజు గారు ఆమె మొహంకేసి చూడలేదు. కుచ్చెళ్ళనించి కారుతున్న నీళ్ళకేసి చూశారు.

"రోడ్డున పోయేవాళ్ళు చెబుతున్నారు సలోమీ. మీ చెరువులో చొక్కా తొడుక్కున్న ఆడమనిషి పడవ తోలుతోందండీ, చూసుకున్నారా అని."

సలోమి పమిట కొసని వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం.

"నువ్వు నీళ్ళలో పడితే పోలీసులొచ్చేది నా ఇంటికే. నిరుడు ప్రభుత్వం వాళ్ళు లంకలో చెరువులు తెగ్గొట్టినప్పుడు నావి పోగా మిగిలింది ఇదొక్కటే. దీని దగ్గర పనికి ఎంతమంది తిరుగుతున్నారో నీకు తెలియనిదా? లంకలో పని పోయిన పేతురు రోజూ వచ్చి మా అరుగుమీద కూర్చుంటున్నాడు. పిల్లలు గలవాడు. వాడికేం చెప్పను?"

"ఈయనకి తగ్గిపోతందండి. ఏలూరు తీసుకెళ్తన్నానండి."

"తగ్గితే మంచిదే. వచ్చే సోమవారం వదిలెయ్. ఆ పై సోమవారం వస్తాను. నెహెమ్యా పడవెక్కి నా కళ్ళెదుట బస్తా కట్టాలి. కడితే పనీ పాకా మీవే. లేదా పేతురు దిగుతాడు. ఇందులో నా తప్పేం లేదు మరి."

బండి వెళ్ళిపోయింది. సలోమి పాకలోకి వచ్చింది. నులకమంచం మీద నెహెమ్యా తడికవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కుడిచెయ్యి పక్కన పెట్టిన వస్తువులా పడి ఉంది. వర్షాలప్పుడు ఒకనాటి పొద్దున పడవ తోసే గెడ పట్టుకుని ఉండగానే రేవులో ఒరిగిపోయాడు. కాలు తిరిగొచ్చింది. మాట ముద్దముద్దగానైనా వచ్చింది. చెయ్యే రాలేదు. అతను లేవబోయాడు. లేచేలోపు సలోమి చంక కింద చెయ్యేసి లేపేసింది. చెప్పులకోసం కాలు చాపాడు. చాపేలోపు తొడిగేసింది.

"రాజుగారు..." అన్నాడతను.

"విన్నావుగా. లే మావా, ఏలూరు పోదాం."

ఏలూరు ఆసుపత్రిలో కసరత్తులు చేయించే గదికి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. పేరు శాలిని. మెళ్ళో సన్నటి సిలువ గొలుసు, చెవిదగ్గర పెన్ను. నెహెమ్యాని బల్లముందు కూర్చోబెట్టింది.

"మీ పేరు చెప్పండి."

"నెహెమ్యా అండి," అంది సలోమి.

"ఏ ఊరండి?"

"దెందులూరు అవతలండి. చెరువుగట్టు మీదుంటామండి."

శాలిని పెన్ను తీసి బల్లమీద పెట్టింది. "నేను ఆయన్నడుగుతున్నానండి."

సలోమి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అవి అక్కడ నిలవలేదు. బల్లమీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాయి.

శాలిని ఒక తుడుపుగుడ్డ మడతపెట్టి నెహెమ్యా ముందు వేసింది. "కుడిచేత్తో దీన్ని పైకి తీసి వదిలెయ్యండి. ఎంతసేపైనా పర్లేదు."

నెహెమ్యా గుడ్డకేసి చూశాడు. భుజం ముందు లేచింది, తర్వాత మోచెయ్యి. వేళ్ళు గుడ్డమీద గోకాయి, ముడుచుకున్నాయి, జారాయి. నుదుటిమీద చెమట పట్టింది. మళ్ళీ గోకాయి. గుడ్డ అంచు రెండు వేళ్ళ మధ్య చిక్కింది. చిక్కిందో లేదో, పక్కనుంచి సలోమి చెయ్యి వచ్చి గుడ్డ ఎత్తి అతని గుప్పిట్లో పెట్టింది.

శాలిని సలోమి మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు. పట్టుకుని తీసి ఆమె ఒళ్ళోనే పెట్టింది.

"ఇంకోసారి చెయ్యండి," అంది నెహెమ్యాతో.

ఈసారి గుడ్డ బల్లమీంచి బెత్తెడు లేచింది. వేళ్ళు విచ్చుకోవడానికి చాలాసేపు పట్టింది. విచ్చుకున్నాయి. గుడ్డ పడింది.

"చెయ్యి చచ్చిపోలేదండి," అంది శాలిని. "దెబ్బ తగిలింది మెదడుకి. మొదట్లో చెయ్యి కదల్లేదు. అన్నీ ఎడంచేత్తో కానిచ్చేశారు. కొంచెం తేరుకునేసరికి ఈ చెయ్యి ఉందన్న సంగతే మెదడు వదిలేసింది. వాడకపోవడం అలవాటైపోయింది. నిరుడు దీనిమీద పెద్ద పరిశోధన ఒకటి అచ్చయిందండి. పక్షవాతం వచ్చి నెలలు దాటినవాళ్ళకి మంచిచేతికి తొడుగు వేసేశారు. రెండు వారాలు పడిపోయిన చేత్తోనే అన్నం, బట్టలు, తలుపులు, అన్నీను. చాలామందికి చెయ్యి పనిలోకి వచ్చింది."

"అందరికీనా అండి?"

"అందరికీ కాదండి. వేళ్ళు కొంచెమైనా విచ్చుకోవాలి. ఈయనకి విచ్చుకుంటున్నాయి."

బీరువాలోంచి ఒక గుడ్డసంచి తీసింది. దుప్పటి ముక్క రెండు పొరలు వేసి తనే కుట్టినట్టుంది, కుట్టు వంకరగా ఉంది. నెహెమ్యా ఎడంచెయ్యి అందులో దూర్చి మణికట్టు దగ్గర తాడు ముడేసింది. అతను ఆ చేతిని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. వేళ్ళన్నీ కలిసిపోయి, మూతి కట్టిన చిన్న తవుడు బస్తాలా ఉంది.

"లేచిన దగ్గర్నుంచి పొద్దుపోయేదాకా ఉండాలండి. స్నానానికి, పడవలో, తూలేచోట మాత్రం తీసెయ్యాలి. రోజూ ఇక్కడికి రాలేరు కాబట్టి ఇంట్లో మీరే చేయించాలి. వారం పోయాక ఓసారి తీసుకురండి." ఆ అమ్మాయి సలోమివైపు తిరిగింది. "ఇంకోటండి. అసలుది ఇదే. మీరు సాయం చెయ్యకూడదు."

"సాయం చెయ్యకపోతే ఎలాగండీ?"

"అదేనండి కష్టం," అంది శాలిని.

మర్నాడు పొద్దున యేసమ్మ పాలచెంబుతో గట్టెక్కి వస్తూ నెహెమ్యాని చూసి ఆగిపోయింది. యేసమ్మ సలోమికి మేనత్త. నోటికి అడ్డూ ఆపూ లేదు.

"అదేంటే సలోమీ, మొగుణ్ణి కట్టేశావంట! ఈ వయసులో ఎక్కడికి పారిపోతాడనే?"

"ఏలూరులో డాక్టరమ్మ చెప్పిందత్తా."

"పడిపోయిన చేతికి కట్టు కడతారుగానీ బాగున్న చేతికి కట్టడం నేనెక్కడా చూళ్ళేదమ్మా. దొంగని కట్టినట్టు. ఒరే నెహెమ్యా, ఏంరా, ఏం తప్పు చేశావురా?"

నెహెమ్యా నవ్వాడు. నోరు ఒక పక్కకే సాగింది. "పెళ్ళి... చేసుకున్నానత్తా," అన్నాడు. యేసమ్మ పకపకా నవ్వి పాలు పోసి వెళ్ళిపోయింది. సలోమికి నవ్వు రాలేదు.

మధ్యాహ్నం పరిగె చేపల పులుసు వండింది. పళ్ళెంలో అన్నం వేసి, పులుసు పోసి, అతని ముందు పెట్టింది. జబ్బు చేసిన దగ్గర్నుంచి అతను మనుషుల్లో భోజనానికి కూర్చోలేదు. ఎడంచేత్తో తినడం చిన్నప్పటినుంచి చేతిమీద కొట్టి మాన్పించిన పని. అందుకే తలుపు దగ్గరికేసి ఆమే కలిపి పెట్టేది. పెళ్ళి విందులకి పిలిస్తే ఒంట్లో బాగోలేదని చెప్పేసేది.

అతను కుడిచెయ్యి పళ్ళెంలో పెట్టాడు. వేళ్ళు అన్నంలోకి దిగబడ్డాయి, ఎత్తేసరికి మెతుకులు రెండే మిగిలాయి. మళ్ళీ దించాడు. ముద్ద నోటికి అందేలోపు చెయ్యి పక్కకి తిరిగి చెంపకి తగిలింది. పులుసు గెడ్డంమీంచి కారి చొక్కాలోకి పోయింది. వాకిట్లోంచి కోడిపెట్ట వచ్చి అతని మోకాలు పక్కన రాలిన మెతుకులు ఏరుకుంటోంది. అతను దాన్ని అదిలించలేదు. సంచి చెయ్యి ఎత్తాడు, దించాడు.

సలోమి లేచింది. కుండ మూత సరిచేసింది. మూత సరిగ్గానే ఉంది. నీళ్ళ బిందె జరిపింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. పరిగె ముల్లు వెంట్రుకంత ఉంటుంది. ఆ వేళ్ళకి ఎక్కడ తెలుస్తుంది? గొంతులో దిగితే?

తలుపు దగ్గరికేసి వచ్చింది. పళ్ళెం తన ముందుకి లాక్కుని ముళ్ళు తీసి, కలిపి, ముద్దచేసి అతని నోటిముందు పెట్టింది.

"ఈ ఒక్కపూటకే మావా. రేపట్నించి నువ్వే."

అతను ఆమెకేసి కాసేపు చూసి నోరు తెరిచాడు.

రేపట్నించి, రేపట్నించి అనుకుంటూనే ఆ వారమంతా గడిచింది. ఎడంచేతికి సంచి ఉండనే ఉంది. ముడి ఏ రోజూ తప్పలేదు. గుండీలు ఆమే పెట్టింది, మొహం ఆమే తుడిచింది. చర్చిలో పాటల పుస్తకం ఆమే తిప్పింది. తెల్లారగట్ల చొక్కా తొడుక్కుని పడవా ఆమే తోలింది. సోమవారం దగ్గరపడుతున్నకొద్దీ చేతులు మరీ నిలవడం లేదు. గెడ వేస్తూ గట్టుకేసి, గట్టుమీంచి రోడ్డుకేసి చూసేది. రోడ్డుమీద ఏ బండి పోయినా గెడ ఆగిపోయేది.

వారం తర్వాత శాలిని మళ్ళీ అదే గుడ్డ మడతపెట్టి వేసింది. నెహెమ్యా చెయ్యి ఎప్పటిలాగే గోకింది, ఎప్పటిలాగే బెత్తెడే లేచింది.

"అన్నం ఏ చేత్తో తింటున్నారండి?"

"కుడిచేత్తోనేనండి," అంది సలోమి. "కష్టంమీద తింటన్నాడండి. పరిగెల పులుసు కూడా తిన్నాడండి."

శాలిని నెహెమ్యా కుడిచెయ్యి తన అరచేతిలోకి తీసుకుని వెలుగులో తిప్పింది. గోళ్ళు ఉతికిన బట్టల్లా తెల్లగా ఉన్నాయి. సలోమి చేతికేసి చూసింది. సలోమి గోళ్ళనిండా పులుసు పసుపు పట్టి ఉంది. బల్లమీద ఉన్న ఆ చేతిని సలోమి కిందికి తీసేసింది.

శాలిని కేకలేస్తుందనుకుంది సలోమి. ఆ అమ్మాయి కేకలెయ్యలేదు. కిటికీ అవతల ఆటోలు పోతుంటే వాటిని చూస్తూ నిలబడింది.

"మా నాన్నగారు పడిపోయినప్పుడు నాక్కూడా అన్నం కలిపి పెట్టాలనే ఉండేదండి," అంది కాసేపటికి.

"అది... ఊరుకోదండి," అన్నాడు నెహెమ్యా. "దానికి... చేతులాగవు."

ఏలూరునుంచి వచ్చే బస్సులో కిటికీపక్కన కూర్చున్నాడు. బస్సు పెద్దరోడ్డెక్కింది. అటూ ఇటూ చెరువులు, గట్లమీద కొబ్బరిమొక్కలు. సలోమి అతని చొక్కా కాలరు సర్దబోయింది. అతను తల పక్కకి తీసుకున్నాడు.

"సలోమే."

"ఏంటి మావా?"

"నువ్వు పడవెక్కాక... నేను పడుకోను. వింటా ఉంటాను." మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకున్నాడు. "గెడ నీళ్ళలో పడతది. ఆగుతది. బస్తా కడతావు. మళ్ళీ పడతది. అది... నా గెడే. మంచంమీద పడుకుని... నా గెడ చప్పుడు నేను వింటా ఉంటాను."

కండక్టరు వచ్చి టిక్కెట్లన్నాడు. సలోమి తడుముకుంది. టిక్కెట్లు ఆమె చేతిలోనే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం అన్నం పెట్టి సలోమి పాకలోంచి బయటికి పోయింది. గట్టుమీద గడ్డి పీకింది. పీకిన చోటే మళ్ళీ పీకింది. తోమిన గిన్నెలు రేవులో వేసి మళ్ళీ తోమింది. లోపల పళ్ళెం నేలమీద జరుగుతున్న చప్పుడు, కోడిపెట్ట కొక్కొక్కొమని లోపలికి పోయిన చప్పుడు. దగ్గు వినపడింది. గిన్నె వదిలేసి నాలుగడుగులు పరిగెత్తింది. దగ్గు ఆగింది. వాకిట్లోనే నిలబడిపోయింది. తడిక సందులోంచి చూస్తే అతను నోట్లో వేళ్ళు పెట్టి ముల్లు తీస్తున్నాడు. తీశాడు. ఆ ముల్లుని వెలుగులోకి ఎత్తి చూసుకుని పళ్ళెం అంచున పెట్టాడు.

మర్నాడు చొక్కా అతనికే ఇచ్చేసింది. గుండీలు పెట్టుకోవడానికి అతనికి ఎంతసేపు పట్టిందంటే, ఈలోగా ఆమె పొయ్యి అలికేసింది. మేత వెయ్యడం ఆలస్యమైనా, చేపలు నీళ్ళపైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నా, ఆమె పడవెక్కే ముందు అతను బస్తా మూతి కట్టాలన్నది కొత్త పద్ధతి. పాక గుంజకి తాడు వేసి ముడి నేర్చుకున్నాడు. కాదు, తెలిసిన ముడే. తాడు కర్రకి రెండు చుట్లు తిప్పి, కొస మడిచి కింద దూర్చి లాగితే బిగుస్తుంది, సాయంత్రం ఖాళీ బస్తా తీసేటప్పుడు ఒక్క గుంజుకి ఊడొస్తుంది. జారుముడి. చుట్లు పడుతున్నాయి. కొస దూర్చేచోట వేళ్ళు ఆగిపోతున్నాయి. చీకట్లో తలుపు గొళ్ళెం వెతుక్కున్నట్టు బొటనవేలు తాడుమీద తిరుగుతుంది, దొరకదు.

"అటుకాదు, కిందనించి..." అనబోయి సలోమి నోరు మూసుకునేది. చేతులు వెనక్కి పెట్టుకుని ఒకదాన్నొకటి పట్టుకునేది.

శనివారం సాయంత్రం ముడి పడింది. ఊడింది. ఆదివారం చర్చినుంచి వచ్చాక పడి నిలిచింది. సంచి తీసేసి ఆ రెండో చెయ్యి కూడా కలిపితే ఇంకొంచెం తొందరగా పడింది. అతని గోళ్ళలోనూ పులుసు పసుపు పట్టింది. యేసమ్మ పాలుపోస్తూ, "ఏమే, మీ ఆయన చొక్కా అంతా పులుసేంటే? చంటిబిడ్డా?" అంటే సలోమి, "తింటన్నాడత్తా," అంది.

సోమవారం కనకరాజు గారు బండిమీద ఒక్కరే రాలేదు. వెనకాల పేతురు. బండి దిగి ఓ పక్కగా నిలబడ్డాడు. చేతిలో దుప్పటీ, రెండు గిన్నెలూ మూటకట్టిన బట్ట. ఆ మూట ఎక్కడ దించాలో తెలియక చేతులు మార్చుకుంటున్నాడు. సలోమికేసి చూడలేక చెరువుకేసి చూశాడు.

"కానివ్వరా నెహెమ్యా," అన్నారు కనకరాజు గారు.

నెహెమ్యా రేవులోకి దిగి ఎడంచెయ్యి చాపాడు. సలోమి సంచి ముడి విప్పింది. నీళ్ళలో వద్దన్నారు కదా. సంచి ఆమె చేతిలో ఉండిపోయింది. అతను పడవలో ఒక బస్తా పెట్టుకుని, ముందు ఎడంకాలు వేసి, గెడ అందుకుని ఎక్కాడు. పడవ ఒరిగింది. సలోమి నీళ్ళలోకి ఒకడుగు వేసింది. పడవ సర్దుకుంది.

గెడ పడింది. లాగడం ఎడంచెయ్యిదే. కుడిచెయ్యి పట్టుకుని మాత్రం ఉంది. పడవ ముక్కు తిన్నగా పోకుండా పక్కకి తిరుగుతుంటే, అతను ఆగి, సరిచేసుకుని, మళ్ళీ వేస్తున్నాడు. అతను మొదటి కర్రదాకా పోయేసరికి, సలోమి అయితే వరస సగం కట్టేసి ఉండేది.

కర్ర దగ్గర పడవ ఆగింది. బస్తా ఎత్తాడు. తాడు చుట్టాడు. ఒక చుట్టు. రెండో చుట్టు. కొస జారిపోయి నీళ్ళలో పడింది. వంగి తీసుకున్నాడు.

నీటికాకి ఒకటి వచ్చి అవతలి కర్రమీద వాలి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. సలోమి చేతులు ఆగడంలేదు. పడవలో ఉన్న తాడు ఆమె వేళ్ళకి తగులుతున్నట్టే ఉంది. మడవాలి, దూర్చాలి, లాగాలి. రెప్పపాటు పని. వేళ్ళు సంచిని మడిచాయి, విప్పాయి, లోపలికీ పైకీ తిప్పాయి.

కొస మళ్ళీ జారింది.

కనకరాజు గారు నిట్టూర్చారు. కోపం కాదు, విసుగూ కాదు. వాచీ చూసుకుని సలోమి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"ఎందుకే వాణ్ణి ఇలా హింసపెట్టడం? ఇన్నాళ్ళూ మేత వేసింది నువ్వేనని నాకు తెలియదా? మొన్న వల తిప్పించి చూశాను, చేప బాగా ఒళ్ళు చేసింది. నీ చెయ్యి మంచిది. పోలీసులనీ అదనీ ఏదో అన్నాన్లే. వాణ్ణి వెనక్కి పిలు. నువ్వెక్కు. పని నీ పేరుమీదే ఉంటుంది. వాడు నీడపట్టున కూర్చుంటాడు. పేతుర్ని నేను ఎక్కడో ఓచోట పెట్టిస్తాను."

సలోమి తలెత్తింది. ఇదే మాటకోసం కదా వర్షాల దగ్గర్నుంచి ఆమె చొక్కా తొడుక్కుని దొంగలా పడవెక్కింది. పాక ఉంటుంది. పొయ్యి ఉంటుంది. పిలిస్తే చాలు. మావా, వచ్చెయ్ అంటే చాలు.

కర్రదగ్గర అతను వెనుదిరిగి చూడలేదు. వంగి ఉన్నాడు. చొక్కా వెనక చెమటకి అంటుకుపోయింది.

"నాకు చేతకాదండి," అంది సలోమి.

"ఏంటి?"

"పడవ తోలడం, బస్తా కట్టడం. నాకు రాదండి. ఎప్పుడూ కట్టలేదండి."

"నా దగ్గరా నీ మాటలు? రోడ్డుమీద ఊరంతా చూసింది."

"ఎవర్ని చూశారోనండి. ఈయన చొక్కాయే కదండీ అది. ఈయనే అయ్యుంటాడండి."

కనకరాజు గారు ఆమెని కిందినుంచి పైదాకా చూశారు. చూపు ఒకచోట ఆగింది.

"ఆ చేతికేమైంది?"

సలోమి చూసుకుంది. ఆమె కుడిచెయ్యి సంచిలో ఉంది. మణికట్టు దాకా దిగి, తాడు చుట్టి, కొస పళ్ళతో లాగి బిగించి ఉంది. ఎప్పుడు దూర్చిందో, ఎప్పుడు నోటితో లాగిందో ఆమెకే తెలియలేదు. నాలుక మీద నారతాడు రుచి ఉంది.

"కట్టుకున్నానండి," అంది.

"ముడి పడిందండి," అన్నాడు పేతురు.

అందరూ అటు చూశారు. పేతురు మూట నేలమీద పెట్టేసి, కళ్ళకి చెయ్యి అడ్డుపెట్టుకుని చెరువుకేసి చూస్తున్నాడు. బస్తా కర్రకి వేలాడుతోంది. కొంచెం పక్కకి వాలి ఉంది. నెహెమ్యా దానిమీదనుంచి చెయ్యి తియ్యలేదు. ఒకసారి కిందికి లాగి చూశాడు. నిలిచింది. అప్పుడు వదిలాడు. ఇంకాసేపటికి కర్ర వణికింది.

కనకరాజు గారు చాలాసేపు ఆ కర్రనే చూశారు.

"ఒకటి కట్టేసరికి పొద్దెక్కిపోయింది," అన్నారు. "చేపలు పస్తుండాలా?" మళ్ళీ తనే, "చేపల పట్టుబడి దాకా చూస్తాను. ఆ తర్వాత మాట ఆ తర్వాత. పేతురూ, ఎక్కు."

పేతురు మూట ఎత్తుకున్నాడు. ఎక్కబోతూ సలోమితో, "మా లంకలో నేనూ ఇట్టాగే కట్టేవాణ్ణి అక్కా. జారుముడే," అన్నాడు. ఆ మాటలో ఏముందో ఆమెకి అర్థం కాలేదు. బండి మలుపు తిరిగేదాకా అతని మూట కనపడుతూనే ఉంది.

పడవ తిరిగొచ్చింది. ఇంకా కట్టాల్సిన బస్తాలు గట్టుమీద వరసగా ఉన్నాయి. ఎండ చురుక్కుమంటోంది, చేపలు నీళ్ళపైన తిరుగుతున్నాయి. నెహెమ్యా రేవులో దిగి, ఊపిరి పట్టుకోవడానికి నిలబడి, సలోమి చేతికేసి చూశాడు. నోరు ఒక పక్కకి సాగింది.

"నువ్వేం తప్పు... చేశావే?"

ఆమె ముడి విప్పుకోబోయింది. ఎడంచేత్తో లాగితే ఇంకా బిగిసింది. తడిసి, పళ్ళకి నలిగి, పీటముడి పడిపోయింది. కత్తిపీట పాకలో ఉంది. రెండంగల దూరం.

అతను కుడిచెయ్యి ముందుకు చాపాడు. బొటనవేలు తాడుమీద తిరిగింది. జారింది. మళ్ళీ తిరిగింది.

సలోమి చెయ్యి అలాగే చాపుకుని నిలబడింది.